నాలుగు బేల సైనాలజీ నాస్‌లో స్థలం పెంచుకోవడం: 4 టీబీ డ్రైవ్‌ల నుంచి 12 టీబీకి

నాలుగు 4 టీబీ డ్రైవ్‌లతో, ఎస్‌హెచ్‌ఆర్ పద్ధతిలో (ఒక డ్రైవ్ పోయినా డేటా నిలిచేలా అన్నిటినీ కలిపి వాడే సైనాలజీ పద్ధతి) నడుస్తున్న సైనాలజీ నాస్ (ఇంటి నెట్‌వర్క్‌లో అందరి ఫైళ్లూ దాచే డ్రైవ్‌ల పెట్టె) నిండిపోయింది. ఖాళీ బే (డ్రైవ్ పెట్టే అర) లేదు. ఉన్న ఫొటోలు, వీడియోలు, కంప్యూటర్ బ్యాకప్‌లు ఎక్కడివక్కడే ఉండాలి, స్థలం మాత్రం పెరగాలి. ఇళ్లలో ఎక్కువగా ఎదురయ్యే పరిస్థితి ఇదే కాబట్టి ఈ మార్గదర్శిని దాని చుట్టూనే రాశాం. రెండు బేలవారికీ ఐదు బేలవారికీ లెక్క మారుతుంది గానీ పద్ధతి మారదు. మెనూ పేర్లు డీఎస్‌ఎం 7 (సైనాలజీ నాస్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ప్రకారం ఇచ్చాం.

పని చూడ్డానికి తేలిక. పాత డ్రైవ్ తీసి, కొత్తది పెట్టి, రిపేర్ నొక్కడమే. కానీ డ్రైవ్ తీసిన ప్రతిసారీ పూల్‌కి, అంటే డ్రైవ్‌లన్నీ కలిపి కట్టిన ఉమ్మడి స్థలానికి, ఉన్న రక్షణ పోతుంది. నాలుగు డ్రైవ్‌లు మారిస్తే నాలుగుసార్లు, ఒక్కోసారి గంటల తరబడి, మిగిలిన మూడింటిలో ఏ ఒక్కటి మొరాయించినా మొత్తం డేటా పోయే స్థితిలో ఉంటుంది. మామూలు రోజుల్లో ఎన్నేళ్లు సాఫీగా నడిచిన పెట్టె అయినా సరే, దాని డేటాకి అసలు ముప్పు డ్రైవ్‌లు మార్చే ఈ వారంలోనే. కింద చెప్పే జాగ్రత్తలన్నీ అందుకే.

కొనేముందు ఒకసారి వెతకండి

స్థలం నిజంగానే అయిపోయిందా? కంట్రోల్ ప్యానెల్‌లో షేర్డ్ ఫోల్డర్ తెరిచి, యాక్షన్ మెనూలో అన్ని రీసైకిల్ బిన్‌లనూ ఖాళీ చేసే ఆప్షన్ నొక్కండి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని చెత్త అక్కడ పేరుకుని ఉంటుంది. ఆ తర్వాత స్నాప్‌షాట్లు, అంటే ఫైళ్లు ఒక క్షణంలో ఎలా ఉన్నాయో గుర్తుంచుకునే నకళ్లు. వాల్యూమ్ (పూల్‌లోంచి ఫైళ్లకి కేటాయించిన భాగం) బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌తో ఉండి, స్నాప్‌షాట్లను 30 రోజులు ఉంచేలా పెట్టుకుంటే, ఇవాళ తుడిచేసిన 2 టీబీ వీడియోలు ఆ 30 రోజులూ స్థలం ఆక్రమించే ఉంటాయి. "ఇంత తుడిచినా ఖాళీ కావడం లేదేంటి" అనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే. స్టోరేజ్ అనలైజర్ ప్యాకేజీ వేసుకుంటే ఏ ఫోల్డర్ ఎంత మింగుతోందో తెలుస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా వాడకం 85 శాతం దాటే ఉంటే కొనాల్సిందే. పూర్తిగా నిండేదాకా ఆగకండి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వాల్యూమ్ కిక్కిరిసిపోతే ముందు నెమ్మదిస్తుంది, చివరికి రాయడమే మానేస్తుంది.

ఎన్ని డ్రైవ్‌లు మారిస్తే ఎంత పెరుగుతుంది

ఒక డ్రైవ్ పోయినా తట్టుకునే ఎస్‌హెచ్‌ఆర్‌కి లెక్క తేలిక: అన్ని డ్రైవ్‌ల సామర్థ్యాన్నీ కూడి, అందులోంచి అన్నిటికంటే పెద్ద డ్రైవ్‌ని తీసెయ్యండి. 4+4+4+4 అంటే 16, అందులో 4 పోతే 12 టీబీ. ఇప్పుడు ఒక్కొక్కటీ 12 టీబీగా మారిస్తే:

మొదటిది మార్చాక 12 టీబీ. అంటే ఏమీ పెరగదు.
రెండోది మార్చాక 20 టీబీ.
మూడోది మార్చాక 28 టీబీ.
నాలుగోది మార్చాక 36 టీబీ.

మొదటి డ్రైవ్ తర్వాత అంకె కదలకపోతే కంగారు పడకండి. కొత్త డ్రైవ్‌లో అదనంగా ఉన్న 8 టీబీకి జంట లేదు, జంట లేని చోట రక్షణ ఉండదు, అందుకని ఎస్‌హెచ్‌ఆర్ దాన్ని వాడకుండా పక్కన పెడుతుంది. రెండో 12 టీబీ డ్రైవ్ రాగానే ఆ రెండు 8 టీబీ ముక్కలనూ ఒకదానికొకటి నకలుగా కట్టి, పాత 12 టీబీకి కలుపుతుంది. చాలామందికి రెండు డ్రైవ్‌లతోనే అవసరం తీరిపోతుంది. నాలుగూ ఒకేసారి కొనడంకంటే ఇవాళ రెండు, రెండేళ్ల తర్వాత మరో రెండు కొనడమే మేలని మా అభిప్రాయం. అలా అయితే అన్నీ ఒకే బ్యాచ్‌వి కాకుండా ఉంటాయి.

మీ పూల్ ఎస్‌హెచ్‌ఆర్ కాకుండా రెయిడ్ 5 అయితే కథ వేరు (రెయిడ్ అంటే డ్రైవ్‌లను రక్షణ ఉండేలా కలిపి కట్టడం, ఎస్‌హెచ్‌ఆర్ కూడా అందులో ఒక రకమే). అక్కడ ప్రతి డ్రైవ్‌నీ అన్నిటికంటే చిన్నదానితో సమానంగానే చూస్తుంది. నాలుగోది కూడా మారేదాకా 12 టీబీ దగ్గరే ఆగి, అప్పుడు ఒక్కసారిగా 36కి వెళ్తుంది. స్టోరేజ్ మేనేజర్‌లో పూల్ పేరు కింద రెయిడ్ రకం రాసి ఉంటుంది. కొనేముందు అది చూసుకోండి.

ఇంకో సంగతి. డ్రైవ్ కంపెనీ టీబీని వెయ్యి లెక్కన కొలుస్తుంది, డీఎస్‌ఎం 1024 లెక్కన చూపిస్తుంది. అందుకే 12 టీబీ డ్రైవ్ 10.9గా, 36 టీబీ పూల్ సుమారు 32.7గా కనిపిస్తుంది. ఎక్కడా ఏమీ పోలేదు.

పాత మోడళ్లవారు తప్పనిసరిగా చూసుకోవాల్సింది వాల్యూమ్ పరిమితి. డీఎస్216జె, డీఎస్218జె లాంటి 32 బిట్ ప్రాసెసర్ పెట్టెల్లో ఒక వాల్యూమ్ 16 టీబీ దాటదు. అక్కడ తయారైన వాల్యూమ్‌ని డ్రైవ్‌లతో సహా కొత్త 64 బిట్ పెట్టెలోకి మార్చినా ఆ 16 టీబీ హద్దు దానితోపాటే వస్తుంది. అలాంటప్పుడు కొత్త వాల్యూమ్ తయారుచేసి, డేటాని అందులోకి కాపీ చేసుకోవడం తప్ప దారి లేదు.

ఏ డ్రైవ్ కొనాలి

నాస్ కోసం తయారైన సీఎంఆర్ (ట్రాక్‌లు విడివిడిగా ఉండే) డ్రైవే కొనండి. ఎస్‌ఎంఆర్ రకం వద్దు. ఎస్‌ఎంఆర్‌లో ట్రాక్‌లు ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంత కప్పుకుని ఉంటాయి. ఒక చోట తిరగరాయాలంటే పక్కవాటినీ తిరగరాయాలి. ఆగకుండా గంటల కొద్దీ రాసే రీబిల్డ్‌లో, అంటే తీసిన డ్రైవ్‌లోని డేటాని కొత్తదాని మీద తిరిగి కట్టే పనిలో, అది కుదేలవుతుంది. వేగం పడిపోతుంది, ఒక్కోసారి జవాబివ్వడం ఆలస్యమై పూల్‌లోంచి బయటికి నెట్టేయబడుతుంది కూడా. డబ్ల్యూడీ రెడ్‌లోని 2 నుంచి 6 టీబీ మోడళ్లు కొన్ని ఎస్‌ఎంఆర్ అని 2020లో బయటపడింది. ఆ తర్వాత సీఎంఆర్ డ్రైవ్‌లను ఆ కంపెనీ రెడ్ ప్లస్ పేరుతో విడిగా అమ్ముతోంది. సీగేట్‌లో ఐరన్‌వుల్ఫ్ తీసుకోవచ్చు. అదే కంపెనీ బారాకుడాలో చాలా మోడళ్లు ఎస్‌ఎంఆర్, ధర చూసి వాటివైపు పోకండి.

సైనాలజీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబర్ కొట్టి, అనుకూలమైన డ్రైవ్‌ల జాబితా చూడండి. 2025లో వచ్చిన డీఎస్925 ప్లస్ వంటి మోడళ్లలో మొదట ధ్రువీకరించిన డ్రైవ్‌లతోనే కొత్త పూల్ కట్టనిచ్చేవారు. అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన డీఎస్‌ఎం 7.3తో ఇతర కంపెనీల హార్డ్ డిస్క్‌లకు ఆ అడ్డు తొలగింది. మీది ఆ తరం పెట్టె అయితే ముందు డీఎస్‌ఎం అప్‌డేట్ చేసుకోండి.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకోవడం మనవాళ్లలో మామూలే. ధర కలిసొస్తుంది కానీ వారంటీ చాలాసార్లు కొన్న ప్రాంతానికే పరిమితం. ప్యాకింగ్ విప్పకముందే దాని మీదున్న డ్రైవ్ సీరియల్ నంబర్‌ని కంపెనీ వారంటీ పేజీలో వేసి, ఏ దేశానికి, ఏ తేదీదాకా ఉందో చూడమనండి. పాతవాటిని కొత్తవిగా అమ్మే మోసాలు కూడా ఉన్నాయి కాబట్టి, డ్రైవ్ పెట్టగానే ఎన్ని గంటలు నడిచిందో చూడండి. కొత్త డ్రైవ్‌లో ఆ అంకె సున్నా దగ్గర ఉండాలి.

ముందు రోజుల పని

బ్యాకప్ లేకుండా మొదలుపెట్టకండి. రెయిడ్ బ్యాకప్ కాదు, అందులోనూ ఈ వారం అది సగం రెయిడ్ కూడా కాదు. హైపర్ బ్యాకప్ ప్యాకేజీతో యూఎస్‌బీ డ్రైవ్‌కి ముఖ్యమైన ఫోల్డర్లన్నీ కాపీ చేయండి. అంతటికీ చోటు లేకపోతే మళ్లీ సంపాదించలేనివి ముందు: ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్‌లు, పిల్లల వీడియోలు. కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్లు వెనక్కి తెచ్చి, తెరిచి చూడండి. తెరవని బ్యాకప్‌ని బ్యాకప్‌గా లెక్కపెట్టలేం. కంట్రోల్ ప్యానెల్‌లో అప్‌డేట్ అండ్ రీస్టోర్ దగ్గర సిస్టమ్ సెట్టింగ్‌ల నకలు కూడా దింపుకుని కంప్యూటర్‌లో పెట్టుకోండి.

తర్వాత డేటా స్క్రబ్బింగ్. స్టోరేజ్ మేనేజర్‌లో పూల్ దగ్గరే ఉంటుంది. డిస్క్‌లను మొత్తం చదివి, పాడైన చోట్లుంటే మిగతా డ్రైవ్‌ల సాయంతో సరిచేస్తుంది. ఇది ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క చెబుతుంది. చాలా డ్రైవ్‌ల స్పెసిఫికేషన్ పత్రంలో, 1 పక్కన 14 సున్నాలున్నన్ని బిట్లు చదివితే ఒకచోట చదవలేని తప్పు రావచ్చని రాసి ఉంటుంది. అంటే సుమారు 12.5 టీబీ. మన ఉదాహరణలో ఒక డ్రైవ్ తీశాక రీబిల్డ్ కోసం చదవాల్సింది మిగిలిన మూడింటిలోని 12 టీబీ. నిజ జీవితంలో తప్పులు అంత తరచుగా రావు, అది కంపెనీ గీసుకున్న హద్దు మాత్రమే. అయినా చదవలేని చోటు ఏదైనా ఉంటే అది నాలుగు డ్రైవ్‌లూ ఉండగా బయటపడాలి. మూడే ఉన్నప్పుడు బయటపడితే సరిచేసే ఆధారమే ఉండదు.

స్క్రబ్బింగ్ అయ్యాక ప్రతి పాత డ్రైవ్‌కీ స్మార్ట్ (డ్రైవ్ తన ఆరోగ్యాన్ని తానే చూసుకునే) పరీక్షలో ఎక్స్‌టెండెడ్ రకం నడపండి. రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై, బదులు చోటికి మార్చినవి), పెండింగ్ సెక్టార్లు (చదవడం కష్టమై అనుమానంలో ఉన్నవి) సున్నా కాకుండా ఉన్న డ్రైవ్ ఏదైనా ఉంటే దాన్నే మొట్టమొదట మార్చాలి. జబ్బు పడ్డ డ్రైవ్‌ని లోపలే ఉంచి ఆరోగ్యంగా ఉన్నదాన్ని పీకడం ఈ పనిలో జరిగే అతి పెద్ద తప్పు. అన్నీ బాగుంటే ఎక్కువ గంటలు నడిచినదానితో మొదలుపెట్టండి. పూల్‌లో వేర్వేరు సైజులుంటే చిన్నదానితో.

కొత్త డ్రైవ్‌లనూ పరీక్షించాకే వాడండి. కొన్ని డ్రైవ్‌లు మొదటి రోజుల్లోనే పాడవుతాయి. ఖాళీ బే లేదు కాబట్టి 3.5 అంగుళాల యూఎస్‌బీ డాక్ ఒకటి కొని, కంప్యూటర్‌కి తగిలించి, ఎక్స్‌టెండెడ్ పరీక్ష నడపండి. 12 టీబీకి దాదాపు ఒక రోజు పడుతుంది. ఆ డాక్ తర్వాత కూడా పనికొస్తుంది.

కరెంటు సంగతి. నాస్‌కి యూపీఎస్ ఉండాలి. ఇంటి ఇన్వర్టర్ మీదే ఆధారపడితే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. మామూలు మోడ్‌లో మారే ఆ క్షణంలోనే పెట్టె ఆగిపోవచ్చు. యూపీఎస్ యూఎస్‌బీ తీగని నాస్‌కి కలిపి, కంట్రోల్ ప్యానెల్‌లో హార్డ్‌వేర్ అండ్ పవర్ కింద యూపీఎస్ సపోర్ట్ ఆన్ చేస్తే, బ్యాటరీ అయిపోయేలోపు నాస్ తనంతట తానే పద్ధతిగా ఆగుతుంది.

మార్చే రోజు

1. స్టోరేజ్ మేనేజర్‌లో ఏ బేలో ఏ సీరియల్ నంబర్ డ్రైవ్ ఉందో కాగితం మీద రాసుకోండి. చివరి నాలుగు అంకెలు చాలు. నిలువు ట్రేల మోడళ్లలో ఎడమవైపుది 1.

2. మార్చాల్సిన డ్రైవ్‌ని ఎంచుకుని, యాక్షన్ మెనూలో డీయాక్టివేట్ డ్రైవ్ నొక్కండి. నేరుగా లాగేయడంకంటే ఇది మంచిది, ఎందుకంటే రాస్తున్న డేటా మధ్యలో తెగదు, ఏది తీయాలో కూడా స్పష్టంగా తెలుస్తుంది. పూల్ డిగ్రేడెడ్ అని చూపిస్తుంది, పెట్టె బీప్ మొదలుపెడుతుంది. హార్డ్‌వేర్ అండ్ పవర్‌లో బీప్ ఆపేయండి.

3. ట్రేని కొంచెం బయటికి లాగి అర నిమిషం ఆగండి. లోపల పళ్లేలు తిరగడం ఆగాక పూర్తిగా తీయండి. సీరియల్ నంబర్ కాగితంతో సరిచూడండి. పొరపాటున వేరే డ్రైవ్ బయటికి వచ్చిందంటే, అప్పటికే ఒకటి లేని పూల్ క్రాష్ అవుతుంది.

4. కొత్త డ్రైవ్‌ని అంచులు పట్టుకుని ట్రేలో బిగించండి. 3.5 అంగుళాలకు పక్క క్లిప్పులు చాలు, స్క్రూలు అక్కర్లేదు. లోపలికి తోసి, ఒక నిమిషం ఆగితే జాబితాలో కనిపిస్తుంది.

5. పూల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, రిపేర్ ఎంచుకోండి. కొత్త డ్రైవ్‌కి టిక్ పెట్టండి. దాని మీదున్న డేటా పోతుందని హెచ్చరిస్తుంది, ఒప్పుకోండి.

6. పూల్ హెల్దీ అని చూపేదాకా మరో డ్రైవ్ జోలికి వెళ్లకండి. శాతం 99 దగ్గరున్నా సరే.

7. వాల్యూమ్ పరిమాణం పెరిగిందో చూడండి. పూల్ పెరిగి వాల్యూమ్ పెరగకపోతే, వాల్యూమ్ సెట్టింగ్స్‌లో కేటాయించిన సైజు దగ్గర గరిష్ఠం ఎంచుకుని సేవ్ చేయండి.

8. ఒక రోజు మామూలుగా వాడండి, కొత్త డ్రైవ్ స్మార్ట్ వివరాలు మళ్లీ చూడండి. అప్పుడు రెండోదానికి వెళ్లండి.

ముందువైపు తీసి పెట్టుకునే ట్రేలు లేని జె తరగతి పెట్టెల్లో నడుస్తుండగా డ్రైవ్ మార్చకూడదు. ఆపేసి, మార్చి, మళ్లీ ఆన్ చేశాక రిపేర్ నొక్కాలి.

ఒక్క బే అయినా ఖాళీగా ఉన్నవాళ్లకి ఇంతకంటే మంచి దారి ఉంది. కొత్త డ్రైవ్‌ని ఖాళీ బేలో పెట్టి, పూల్ మెనూలో రీప్లేస్ డ్రైవ్ ఎంచుకోండి. పాతదాన్ని లోపలే ఉంచి, కొత్తదాన్లోకి కాపీ చేసి, ఆ తర్వాతే పాతదాన్ని వదిలేస్తుంది. పూల్ రక్షణ ఒక్క క్షణం కూడా పోదు. కొత్తగా పెట్టె కొనేవాళ్లు ఒక బే ఖాళీగా ఉంచుకోవాలని మేం గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ఎంతసేపు పడుతుంది

సెకనుకి సగటున 150 ఎంబీ అనుకుంటే 4 టీబీ రాయడానికి ఏడున్నర గంటలు. మొదటి డ్రైవ్ అంతే, ఎందుకంటే రీబిల్డ్ చేయాల్సింది 4 టీబీ ముక్క ఒక్కటే. ఇంట్లో వాడకం ఉంటే పది పన్నెండు గంటలు వేసుకోండి. రెండో డ్రైవ్‌కి 8 టీబీ జంట కట్టే పని కూడా కలుస్తుంది కాబట్టి ఒక రోజు దాకా. మూడో, నాలుగో డ్రైవ్‌లకి ఇంకా ఎక్కువ పడుతుంది. అప్పటిదాకా రెండు డ్రైవ్‌ల జంటగా ఉన్న 8 టీబీ భాగాన్ని మూడింటి మీద, తర్వాత నాలుగింటి మీద తిరిగి పరచాలి. చదవడం, లెక్కకట్టడం, రాయడం, గుర్తు పెట్టుకోవడం అన్నీ ఒకదాని వెంట ఒకటి జరిగే పని అది. ఒక్కోదానికి రెండు మూడు రోజులు పట్టినా ఏదో చెడిపోయిందని అనుకోకండి. ఆ పరిచే దశలో పూల్ రక్షణతోనే ఉంటుంది, ఫైళ్లు వాడుకోవచ్చు.

స్టోరేజ్ మేనేజర్ గ్లోబల్ సెట్టింగ్స్‌లో రెయిడ్ రీసింక్ వేగాన్ని పెంచుకోవచ్చు. రాత్రిపూట పెంచండి, పగలు తగ్గించండి. ఫాస్ట్ రిపేర్ అనే సదుపాయం వాడని చోట్లను దాటేస్తుంది, కానీ నిండిపోయిన పెట్టెలో దాటడానికి పెద్దగా ఏమీ ఉండదు.

వేడి గమనించండి. రీబిల్డ్‌లో అన్ని డ్రైవ్‌లూ ఆగకుండా తిరుగుతాయి. మే నెలలో తలుపులు మూసిన టీవీ అరలో ఈ పని పెట్టుకోవద్దు. డ్రైవ్ 45 డిగ్రీలు దాటుతుంటే ఫ్యాన్‌ని పూర్తి వేగంలో పెట్టి, పెట్టెని గాలి ఆడే చోటికి మార్చుకోండి. పెట్టెని జరపడం మాత్రం డ్రైవ్‌లు మార్చడం మొదలుపెట్టకముందే, దాన్ని ఆపేసి చేయండి.

నాలుగూ ఒకేసారి మార్చేవారు ఒక పోలిక చూసుకోవాలి. పూర్తి బ్యాకప్ ఉంటే, నాలుగు కొత్త డ్రైవ్‌లతో కొత్త పూల్ కట్టి, 10 టీబీని గిగాబిట్ నెట్‌వర్క్‌లో సెకనుకి 110 ఎంబీ చొప్పున వెనక్కి పోయడానికి 25 గంటలు చాలు. నాలుగు రీబిల్డ్‌లకంటే అది చాలా త్వరగా అయిపోతుంది. యాప్‌లు, యూజర్లు, అనుమతులు మళ్లీ అమర్చుకోవాలన్నదే ఇబ్బంది.

దారి తప్పితే

మధ్యలో కరెంటు పోయి పెట్టె ఆగిందా? ఆన్ చేస్తే రీబిల్డ్ సాధారణంగా ఆగిన చోటి నుంచి కొనసాగుతుంది. ఏమీ తీయకండి, ఏమీ మార్చకండి.

రీబిల్డ్‌లో ఉండగా మరో పాత డ్రైవ్ తప్పులు చూపిస్తోందా? ఆ డ్రైవ్‌ని పీకకండి. వాడకం ఆపేసి, చదవగలిగినంత వరకు ముఖ్యమైన ఫైళ్లు బయటికి కాపీ చేయండి. పూల్ క్రాష్ అయి చదవడానికే పరిమితమైనా ఇంకా అవకాశం ఉంటుంది. ఈ స్థితిలో రీసెట్, రీఇన్‌స్టాల్, కొత్త పూల్ వంటి మాటలు కనిపించే ఏ బటనూ నొక్కకండి.

కొత్త డ్రైవ్ కనిపిస్తోంది, రిపేర్‌లో మాత్రం ఎంచుకోనివ్వడం లేదంటే, పూల్‌కి కావాల్సిన పరిమాణంకంటే అది చిన్నదై ఉండాలి, లేదా ఆ మోడల్ పెట్టె దాన్ని అనుమతించనిదై ఉండాలి. అసలు కనిపించకపోతే ట్రే పూర్తిగా కూర్చోలేదేమో చూడండి. ఎక్కువసార్లు కారణం అదే.

ఎస్‌హెచ్‌ఆర్‌లో వెనక్కి రావడం ఉండదని కూడా తెలుసుకోండి. 12 టీబీ పెట్టాక మళ్లీ 4 టీబీకి దిగలేరు, పూల్‌లో చేర్చిన డ్రైవ్‌ని తగ్గించలేరు.

విస్తరణ పెట్టెతో బేలు పెంచుకోవడం మరో దారి. డీఎస్920 ప్లస్, డీఎస్923 ప్లస్‌లకు ఐదు బేల డీఎక్స్517 తగిలించవచ్చు. అయితే దాన్లో విడిగా పూల్ కట్టండి. ఒకే పూల్‌ని రెండు పెట్టెల మీద పరిస్తే, మధ్యనున్న ఒక్క తీగ ఊడినా ఒకేసారి ఐదు డ్రైవ్‌లు మాయమైనట్టే.  

పాత డ్రైవ్‌లు

తీసిన నాలుగు పాత డ్రైవ్‌లను దాచిపెట్టి అదే బ్యాకప్ అనుకునేవారున్నారు. కాదు. ఒక్కోటీ ఒక్కో రోజు బయటికి వచ్చింది, వాటి మీది డేటా ఒకదానితో ఒకటి కలవదు. ఒక్కటి విడిగా తగిలించినా ఫైళ్లు కనిపించవు. అన్ని మార్పులూ అయి, చివరి స్క్రబ్బింగ్ తప్పుల్లేకుండా ముగిశాక, స్మార్ట్ బాగున్న రెండింటిని ఆ యూఎస్‌బీ డాక్‌లో పెట్టి హైపర్ బ్యాకప్‌కి కేటాయించండి. ఒకటి ఇంట్లో, ఒకటి అన్నయ్య వాళ్లింట్లోనో ఊళ్లోనో ఉంచి, నెలకోసారి మార్చుకోవచ్చు. మిగతావి అమ్మేట్టయితే ముందు మొత్తం తుడవండి. రెయిడ్ ముక్కే కదా ఎవరు చదువుతారులే అని వదిలేయొద్దు, చిన్న ఫైళ్లు ఒకే డ్రైవ్ మీద పూర్తిగా ఉండిపోవచ్చు.